కొండబడుల కానుకలకు కొండ పంచాంగమే చూడాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

పండుగ రోజులు దగ్గరపడగానే ఎత్తైన పర్వత ప్రాంతాల బడిపిల్లలకు దుప్పట్లు, బొమ్మలు, మిఠాయిలు తీసుకువెళ్లిన బృందాల వార్తలు పత్రికల్లో తరచుగా కనిపిస్తాయి. ఆ వార్తల పక్కనే, తలా ఒక సంచి పట్టుకుని వరుసలో నిలబడ్డ పిల్లల ఫొటో కూడా ఉంటుంది. ఇటువంటి ప్రయాణాలకు పూనుకునేవారిని తప్పుపట్టడం ఈ లేఖ ఉద్దేశం కాదు. బండి పోని చోటికి మూటలు చేరవేయడం ఎంత శ్రమతో కూడిన పనో ఒక్కసారి వెళ్లినవారికైనా తెలుస్తుంది. నేను మనవి చేయదలచుకున్నది ఒక్కటే. ఏమి ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఎవరి చేతుల మీదుగా ఇవ్వాలి అన్నవి ఇప్పుడు చాలావరకు ఇచ్చేవారి పండుగ తేదీని బట్టి, వారి సెలవులను బట్టి నిర్ణయమవుతున్నాయి. వాటిని ఆ కొండ మీది వాతావరణాన్ని, అక్కడి బడి తెరిచే మూసే రోజులను బట్టి, అక్కడి ఉపాధ్యాయుడి మాట మీద నిర్ణయించడం అవసరం.

ఈ తేడా ఎంత దూరం వెళుతుందో పెరూ దేశంలోని ఆండీస్ పర్వతాలను చూస్తే అర్థమవుతుంది. అక్కడ డిసెంబరు నెలలో 'చోకొలతాద' అనే ఆనవాయితీ దేశమంతటా నడుస్తుంది. నగరాల నుంచి ఉద్యోగులు, విద్యార్థులు, చర్చి బృందాలు కుస్కో వంటి ప్రాంతాల ఎగువ పల్లెలకు వెళ్లి పిల్లలకు వేడి చాక్లెట్ పానీయం, 'పనెతోన్' అనే ఎండుపండ్ల తీపి రొట్టె, ఒక్కొక్క బొమ్మ పంచుతారు. పిల్లలు ఆ రోజు కోసం ఎదురుచూస్తారనడంలో సందేహం లేదు. అయితే పెరూ భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశం. అక్కడ విద్యా సంవత్సరం మార్చిలో మొదలై డిసెంబరుతో ముగుస్తుంది, గడ్డకట్టించే చలి జూన్ నుంచి ఆగస్టు వరకు ఉంటుంది, డిసెంబరు నుంచి మార్చి దాకా వానాకాలం. అందువల్ల పండుగ మూటలో వెళ్లిన నోటుపుస్తకాలు సరిగ్గా బడి మూతపడే వారంలో పిల్లల చేతికి అందుతాయి. అవి నిజంగా కావలసిన మార్చిలో ఇంట్లో ఏ పుస్తకం మిగిలి ఉంటుందో చెప్పలేము. అదే మూటలోని ఉన్ని దుప్పటి ఆరు నెలల ముందో, ఆరు నెలల ఆలస్యంగానో వచ్చినట్టు లెక్క. నాలుగు వేల మీటర్లకు పైనున్న పల్లెల్లో జూన్, జూలై రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీల కిందికి పడిపోవడం అరుదేమీ కాదు. ఉన్ని కోసం పెంచే అల్పాకాల మందల్లో కూనలు చలికి చనిపోయేదీ, పసిపిల్లలకు న్యుమోనియా సోకేదీ ఎక్కువగా ఆ నెలల్లోనే. ఆ కాలానికి అక్కడి ప్రభుత్వం ప్రత్యేకంగా సహాయ ప్రణాళిక వేసుకుంటుంది. కానుకల బండ్లు మాత్రం వానలకు కొండచరియలు విరిగిపడే డిసెంబరులోనే దారి పడతాయి.

హిమాలయాలలో ఇదే చిక్కు మరొక రూపంలో ఎదురవుతుంది. లద్దాఖ్‌లో చలికాలం నడిమిన బడులకు దీర్ఘ సెలవులు ఇస్తారు, ఫిబ్రవరి చివరి వరకు తరగతులు ఉండవు. నూతన సంవత్సరం పేరు మీద జనవరిలో బయలుదేరిన బృందానికి అక్కడ తాళం వేసిన గది కనిపిస్తుంది. నేపాల్‌లోని డోల్పో ఎగువ ప్రాంతంలో చాలా కుటుంబాలు చలికి తట్టుకోలేక కిందికి దిగివస్తాయి, బడులు ప్రధానంగా వెచ్చని నెలల్లోనే నడుస్తాయి. నేపాల్ విద్యా సంవత్సరం వైశాఖంలో, అంటే ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది. నేపాల్‌లో ఎక్కువమందికి పెద్ద పండుగ దసైం, అది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుంది. లద్దాఖ్ వారి నూతన సంవత్సర పండుగ లోసర్ సాధారణంగా డిసెంబరులో వస్తుంది, టిబెటన్ల లోసర్ ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది. ఎవరి పండుగకు ఎవరు కానుక తీసుకువెళుతున్నారో ముందుగా కనుక్కోకపోతే, పండుగ కానుక అన్న మాటలో పండుగ ఇచ్చేవారిది, కానుక పుచ్చుకునేవారిది అయి ఊరుకుంటుంది.

దారి విషయానికి వస్తే, హిమాచల్ ప్రదేశ్‌లో రోహ్‌తాంగ్ కనుమ కింద 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగాన్ని 2020 అక్టోబరు 3న ప్రారంభించిన తరువాత లాహౌల్ లోయకు చలికాలంలోనూ రాకపోకలు చాలావరకు సాధ్యమయ్యాయి. అంతకుముందు ఆ లోయ ఏటా కొన్ని నెలలు బయటి ప్రపంచానికి దూరమయ్యేది. ఇలా దారి తెరుచుకున్న చోటికే దాతలందరూ పోటెత్తడం సహజం. రోడ్డు పక్క బడికి ఒకే సీజనులో రెండు మూడు బృందాలు రావచ్చు, అక్కడినుంచి కాలిబాటన రెండు గంటలు ఎక్కాల్సిన బడికి ఏ బృందమూ రాకపోవచ్చు. సొరంగం దగ్గర ఆగిన బండి పైదాకా ఎక్కదు, బండి దిగినవారికి సాయంత్రంలోగా తిరిగి వెళ్లాలన్న తొందర ఉంటుంది. పై బడి కోసం ఉద్దేశించిన మూటలను కింది బడిలో అప్పగించి, ఎవరైనా వస్తే పంపండి అని చెప్పి వెనుదిరగడం కంటే, కింది ఊళ్లోనే కంచరగాడిదలవారితోనో మూటలు మోసేవారితోనో సరైన కూలీ మాట్లాడుకుని పైకి చేర్పించడం మేలు. ఆ కూలీ కూడా కొండలోనే ఉండిపోతుంది కాబట్టి దానినీ కానుకల ఖర్చులో ఒక భాగంగానే రాసుకోవాలి.

ఇక వస్తువుల సంగతి. మైదానంలో కూర్చుని మనం ఊహించే అవసరాలకు, కొండ మీద పనికివచ్చే వస్తువులకు మధ్య చాలా దూరం ఉంటుంది. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని పాఠ్యపుస్తకంలో చదివినవారమే, అయినా పెట్టెల నిండా బాల్‌ పెన్నులు సర్దుతాం. గడ్డకట్టే చలిలో బాల్‌ పెన్ను సిరా చిక్కబడి కాగితం మీద గీతకు బదులు గాటు మాత్రమే పడుతుంది, పిల్లవాడు దానిని రెండు అరచేతుల మధ్య రుద్ది, నోటి ఆవిరి పట్టి, మళ్లీ ప్రయత్నిస్తాడు. పెన్సిలుకు ఆ బాధ లేదు. నీటిరంగుల సీసాలు, ద్రవరూపంలోని జిగురు రాత్రికి రాత్రి గడ్డకట్టి పగులుతాయి, మైనపు రంగులు బాగానే ఉంటాయి. నూలు మేజోళ్లు ఒకసారి తడిస్తే పాదానికి వెచ్చదనం ఇవ్వవు, ఉన్ని మేజోళ్లు తడిసినా కొంతవరకు కాపాడతాయి. చిన్న చిన్న బ్యాటరీలతో వెలిగే లాంతర్లు చలికి త్వరగా నీరసించిపోతాయి, పైగా బ్యాటరీ అయిపోయాక మరొకటి కొనడానికి దుకాణం ఉండదు.

బూట్ల విషయంలో ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బాగా డబ్బు ఖర్చయ్యేదీ, బాగా వృథా అయ్యేదీ అక్కడే. వయసు చెబితే పాదం కొలత తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. ఒకే తరగతిలో ఒకే వయసు పిల్లల పాదాల మధ్య మూడు నాలుగు సైజుల తేడా ఉండవచ్చు, అదీకాక ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒకే గదిలో అయిదు తరగతులు కూర్చుంటాయి. అందుకు పని తెలిసిన ఉపాధ్యాయులు అనుసరించే పద్ధతి చాలా సులువైనది. పిల్లవాడిని ఒక కాగితం మీద నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీసి, మధ్యలో పేరు రాస్తారు. రెండు పాదాలూ గీస్తారు, ఎందుకంటే కొందరికి ఒక పాదం కాస్త పెద్దది. పిల్లవాడు మందపు మేజోడు వేసుకుని ఉండగానే గీయాలి, కాలు పెరగడానికి బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు వదలాలి. ఆ కాగితాల కట్ట ఒక్కటి దుకాణదారుడి ముందు పెడితే చాలు, ఫోన్‌లో చెప్పిన అంకెల వల్ల వచ్చే తప్పులేవీ రావు. కొలతలు లేకుండా వెళ్లిన బూట్ల మూటలో సరిపోనివి ఒక మూల పడి ఉంటాయి, బిగుతైన బూటు వేసుకున్న పిల్లవాడు దానిని మానేసి పాత చెప్పులతోనే మంచులో నడుస్తాడు, పెద్దవైన బూట్లు అన్న కాళ్లకు చేరతాయి.

స్వెట్టర్ల సంగతిలో మరొక విచిత్రం ఉంది. గొర్రెలు, అల్పాకాలు, జడల బర్రెలు పెంచి తరతరాలుగా ఉన్ని నేసే పల్లెలకు మనం కృత్రిమ నూలు స్వెట్టర్లు లారీల్లో పంపుతాం. అదే డబ్బుతో ఆ లోయలోని అల్లిక పనివారి దగ్గర టోపీలు, చేతి తొడుగులు చేయిస్తే పిల్లలకు వెచ్చగా ఉంటుంది, చేసినవారికి చలికాలపు ఆదాయమూ ఉంటుంది. దీనికి పండుగకు మూడు నాలుగు నెలల ముందే చెప్పి ఉండాలి, అందుకే ఇది చాలామందికి నచ్చదు.

బొమ్మలను చిన్నచూపు చూడవద్దని కూడా నా మనవి. అవసరమైనవే ఇవ్వాలి, ఆటవస్తువులు అనవసరం అనే కరకు వాదన ఈమధ్య వినిపిస్తోంది. 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం విశ్రాంతికి, ఆటకు పిల్లలకున్న హక్కును గుర్తించింది. భారతదేశం 1992లో అందులో చేరింది, పెరూ అంతకు రెండేళ్ల ముందే చేరింది. కొండ పిల్లవాడికి దుప్పటి మాత్రమే కావాలి, బంతి అక్కరలేదు అని నిర్ణయించే అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు. ఒక మంచి బంతి, గాలి కొట్టే పంపు, రెండు అదనపు సూదులు, తాడాట తాళ్లు బడి మొత్తానికి ఏడాది పొడవునా ఆట ఇస్తాయి. పంపు లేని బంతి మాత్రం ఒక నెల ఆట.

అయితే బొమ్మల్లో ఒక రకం గురించి గట్టిగా హెచ్చరించక తప్పదు. నాణెంలా గుండ్రంగా ఉండే లిథియం బ్యాటరీలతో పాడే, మెరిసే చౌకరకం బొమ్మలను పర్వత గ్రామాలకు తీసుకువెళ్లకూడదు. చిన్నపిల్ల ఆ బ్యాటరీని మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రమైన పుండు చేయగలదు. పట్నంలో ఉన్న పిల్లవాడిని ఆ వ్యవధిలో ఆసుపత్రికి చేర్చవచ్చు, కాలిబాటన దిగి రోడ్డు చేరడానికే రెండు గంటలు పట్టే ఊళ్లో ఆ అవకాశం ఉండదు. బొమ్మ బడికి వెళ్లే పిల్లవాడికే ఇచ్చినా, ఇంట్లో ఏడాది వయసు చెల్లెలు ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. బ్యాటరీ గది స్క్రూతో బిగించని బొమ్మను కొనేటప్పుడే పక్కన పెట్టేయడం మంచిది. అలాగే అట్టపెట్టెలు, ప్లాస్టిక్ తొడుగులు కిందనే విప్పేసి వెళ్లాలి. పైన చెత్త ఎత్తే బండి రాదు, అక్కడ మిగిలిన తొడుగులను బడి వెనుక కాలుస్తారు, ఆ పొగ తరగతి గదిలోకే వస్తుంది. మిఠాయిల మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు, కానీ పళ్ల వైద్యుడు లేని చోట సంచుల కొద్దీ చక్కెర బిళ్లలు పంచడం కంటే పండ్లో, వేయించిన పల్లీలో ఇస్తే నయం.

అక్కడే వండి పెట్టాలనుకునేవారికి ఒక చిన్న సాంకేతిక విషయం తెలిసి ఉండాలి. నాలుగు వేల మీటర్ల ఎత్తున నీళ్లు సుమారు 87 డిగ్రీలకే మరుగుతాయి, అందువల్ల ఏది ఉడకాలన్నా చాలా ఎక్కువ సమయం, ఎక్కువ ఇంధనం పడతాయి. ఆ ఎత్తులో చెట్లు దాదాపు ఉండవు. అక్కడి ఇళ్లు చలికాలానికి ఎండబెట్టి దాచుకున్న పిడకలో, ఎక్కడినుంచో మోసుకొచ్చిన కట్టెలో వాడుకుంటాయి. వంద మందికి పెద్ద గుండిగలో చాక్లెట్ పానీయం కాచే బృందం తన గ్యాస్‌ సిలిండరు తాను తెచ్చుకోకపోతే, ఆ పూట పొయ్యి కిందికి వెళ్లేది ఎవరో ఒకరి చలికాలపు నిల్వే. అతిథులు అడిగితే లేదనరు. పాల విషయం కూడా ఆలోచించాల్సిందే, ఆండీస్ స్థానిక జాతుల్లో వయసు పెరిగేకొద్దీ పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గడం సాధారణం కాబట్టి, ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలకు పెద్ద గ్లాసు పాలు పట్టించడం మేలు చేస్తుందని అనుకోనక్కరలేదు.

వెళ్లేవారి ఆరోగ్యం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. రెండున్నర వేల మీటర్లు దాటాక ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు. సముద్రతీరాన ఉన్న పెరూ రాజధాని లిమా నుంచి గంటన్నరలోపు విమానంలో 3,400 మీటర్ల ఎత్తున్న కుస్కోలో దిగి, మర్నాడే ఇంకా పైకి ఎక్కినవారికి తలనొప్పి, వాంతులు రావడం మామూలే. మైదానం నుంచి నేరుగా లేహ్‌లో దిగేవారి పరిస్థితీ అదే. మూడు వేల మీటర్లు దాటిన తరువాత రాత్రి పడుకునే ఎత్తును రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెంచవద్దని వైద్యులు చెబుతారు. ఈ జాగ్రత్త పాటించకుండా వెళ్లి పడిపోయిన అతిథిని కిందికి మోసే పని ఆ ఊరివారి మీదే పడుతుంది, ఆ రోజు పిల్లల పండుగ అక్కడితో ఆగిపోతుంది.

పంచే తీరు గురించి రెండు మాటలు. అమెరికాలోని అప్పలాచియన్ కొండల్లో 1943 నుంచి 'సాంటా రైలు' అనే ఆచారం ఉంది. కెంటకీ రాష్ట్రం తూర్పు భాగంలో బయలుదేరి వర్జీనియా మీదుగా టెనెసీలోని కింగ్స్‌పోర్ట్ చేరే ఈ రైలు నవంబరులో, వారి థాంక్స్‌గివింగ్ పండుగ ముందటి శనివారం నడుస్తుంది. యుద్ధకాలంలో కింగ్స్‌పోర్ట్ వ్యాపారులు, తమ దగ్గర సరుకులు కొనే కొండ ప్రజలకు కృతజ్ఞతగా దీనిని మొదలుపెట్టారు. ఆ కృతజ్ఞత అన్న భావన నాకు నచ్చింది, ఎందుకంటే అందులో ఇచ్చేవాడు తాను ఋణపడి ఉన్నానని ఒప్పుకుంటాడు. కానీ రైలు చివరి పెట్టె మీదినుంచి మిఠాయిలు, బొమ్మలు విసిరే పద్ధతిని మరెవరూ అనుకరించకూడదు. విసిరినవి పొడుగు చేతులవారికి, ముందుకు తోసుకొచ్చినవారికి దొరుకుతాయి. బెరుకుగా వెనుక నిలబడిన పిల్లకు దొరికేది దుమ్ము.

హాజరు పట్టీ ప్రకారం పేరు పేరునా సంచి కట్టి, దాని మీద పేరు రాసి, ఒకటి రెండు అదనపు సంచులతో సహా ఉపాధ్యాయుడికి అప్పగించడం అన్నిటికన్నా సక్రమమైన పద్ధతి. ఆ రోజు బడికి రానివాడి వంతు అలాగే ఉంటుంది. బడి ఈడు రాని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ రోజు తప్పకుండా వెంట వస్తారు కాబట్టి వారికోసం చిన్న వస్తువులు వేరుగా ఉంచాలి. పిల్లల చేతికి ఇచ్చేది ఊరి పెద్దలో, తల్లిదండ్రులో, వారి పంతులమ్మో అయితే మరీ మంచిది. తమ బిడ్డకు పండుగ కానుక ఇవ్వలేని తల్లి ఎదుట, ఎన్నడూ చూడని మనిషి వచ్చి ఇవ్వడం ఆమెకు ఎలా ఉంటుందో దాతలు ఎప్పుడైనా ఆలోచించారా అని నాకు సందేహం. ఉపన్యాసాలు, ధన్యవాదాల పాటలు పెట్టించి పిల్లలను చలిగాలిలో గంటసేపు నిలబెట్టడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఇదంతా జరగాలంటే వెళ్లబోయే నాలుగైదు నెలల ముందు ఉపాధ్యాయుడితో ఒక్క సంభాషణ చాలు. బడి ఎప్పుడు తెరుస్తారు, దారి ఎప్పుడు మూసుకుపోతుంది, పిల్లలు ఎందరు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, గత సంవత్సరం ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని అడగాలి. భాష సంగతి ఎందుకంటే, ఆండీస్ ప్రాంతపు కెచువా భాష మాత్రమే తెలిసిన ఒకటో తరగతి పిల్లకు స్పానిష్ కథల పుస్తకం ఇస్తే బొమ్మలు చూసి మూసేస్తుంది. ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడిగా ఒక మాట చెప్పగలను: ఏం కావాలి అని పైవారు అడిగితే మొదట ఏ పంతులైనా మొహమాటంతో మీకు తోచింది ఇవ్వండి అంటాడు. రెండోసారి అడగాలి. అప్పుడు పగిలిన కిటికీ అద్దం, పొగ బయటికి పోని పొయ్యి, తాగునీటి డ్రమ్ము వంటివి బయటికి వస్తాయి. తరగతి గది వెచ్చగా ఉంటే అందులోని ప్రతి పిల్లా వెచ్చగా ఉంటుంది, దానికి కొలతలు అక్కరలేదు.

సంపాదకులుగా మీకు చేసే విన్నపం ఫొటోల గురించి. బాలల హక్కుల ఒడంబడికలోని 16వ అధికరణం పిల్లల ఏకాంతానికి రక్షణ ఇస్తోంది. పిల్లల ముఖాలు, బడి పేరు, ఊరి పేరు, వారు పేదవారన్న వర్ణన, ఈ నాలుగూ ఒకేచోట అచ్చయితే పదేళ్ల తరువాత ఆ పిల్లల్లో ఒకరు పై చదువుకో ఉద్యోగానికో వచ్చినప్పుడు వారి గురించి వెతికినవారికి ఇదే ఫొటో దొరకవచ్చు. ఇటువంటి వార్తలు మీకు చేరినప్పుడు వరుసలో నిలబెట్టిన పిల్లల బదులు దారి, బడి, మూటలు మోసినవారు కనిపించే ఫొటోను అడిగి తెప్పించుకోవచ్చు. వార్తలో దాతల పేర్లతోపాటు, ఆ వస్తువులను బడివారు అడిగారా, ఏ నెలలో అడిగారు, ఏ నెలలో అందాయి అన్న వివరాలను కూడా రెండు వాక్యాల్లో వేయగలిగితే, వచ్చే ఏడాది బయలుదేరబోయే బృందాలు ఆ ప్రశ్నలకు జవాబులు ముందుగానే సిద్ధం చేసుకుంటాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు